హైటెక్స్ నుంచి సురభి కాలనీ దాకా

హైటెక్స్ కమాను దగ్గరికి వచ్చేసరికి ఆటో ఇక కదల్లేదు. ముందు క్యాబులు, పక్కన స్కూటర్లు, వాటి సందుల్లోంచి నడిచిపోతున్న జనం. ఆ జనంలో ఒకడి వీపున ఆరడుగుల కత్తి ఉంది. ఒకమ్మాయి జుట్టు నీలంగా మోకాళ్ళ దాకా వేలాడుతోంది. ఎర్ర మబ్బుల బొమ్మలున్న నల్ల అంగీలు తొడుక్కున్న నలుగురు కుర్రాళ్ళు బండి దగ్గర నిలబడి మిర్చి బజ్జీలు తింటున్నారు. మా ఆటో డ్రైవరు కాసేపు వాళ్ళనే చూసి, "ఏం ప్రోగ్రామ్ సార్ ఇది? నిన్నటి సంది గిట్లనే వస్తున్రు. షూటింగా?" అన్నాడు. కాదన్నాను. "మరి గీ ఎండల గా డ్రెస్సులేంది?" అని నవ్వి, "ఈడ దిగుర్రి సార్, నడిస్తే జల్ది పోతరు" అని బండి పక్కకు తీశాడు.

2024 నవంబరు 16, శనివారం. ముందురోజే కార్తీక పౌర్ణమి వెళ్ళింది. శుక్రవారం నుంచి ఆదివారం దాకా హైటెక్స్‌లో హైదరాబాద్ కామిక్ కాన్, దాన్ని ఆనుకుని అదే ప్రాంగణంలో డ్రీమ్‌హ్యాక్ అనే గేమింగ్ పండగ. నన్ను గుంటూరు నుంచి రప్పించింది మా మేనకోడలు. రాయదుర్గంలో ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది, కొత్తగూడలో హాస్టల్లో ఉంటుంది. "మామయ్యా, నువ్వు ఊరూరూ తిరిగి జాతరల మీద రాస్తావు కదా. మా జాతర కూడా ఒకసారి చూసి పో" అని ఫోను చేసింది. గేటు దగ్గర తను కూడా వేషంలోనే కనిపించింది. ఆకుపచ్చా నలుపూ గళ్ళ జపనీ పైకోటు, నుదుటి మీద ఎర్రటి మచ్చ, చెవులకు పెద్ద కాగితపు పోగులు. 'డీమన్ స్లేయర్'లో రాక్షసుల్ని వేటాడే కుర్రాడట. ఆ మచ్చ కుంకుమతో పెట్టుకుందట. వాళ్ళమ్మ ఫొటో చూసి, ఆ ఒక్కటీ బాగుందని మెచ్చుకుందట.

ఈ రోడ్ల మీద మామూలు రోజులు చూసినవాళ్ళకే ఇందులో వింత ఏమిటో తెలుస్తుంది. 1998 నవంబరులో వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి మాదాపూర్ చుట్టూ రాళ్ళగుట్టలే. 2019 మార్చిలో మెట్రో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం దాకా వచ్చింది. ఆ రైల్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎక్కేవాళ్ళంతా ఒకటే వేషం: వీపున ల్యాప్‌టాప్ బ్యాగు, మెడలో కంపెనీ ట్యాగు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఆ శనివారం ఉదయం అమీర్‌పేటలో నేనెక్కిన పెట్టెలో ఆ ట్యాగులు రెండో మూడో కనబడ్డాయి. మిగతా మెడల్లో పుర్రెలూ తాళాలూ తావీదులూ.

ఇలాంటి సంతలు ప్రపంచానికి కొత్తేమీ కాదు. అమెరికాలో శాన్ డియాగో కామిక్ కాన్ 1970లో ఒక హోటల్లో మొదలైంది. టోక్యోలో సొంతంగా మాంగా అచ్చేసుకునేవాళ్ళ సంత, కోమికెట్, 1975 డిసెంబరులో పుట్టింది. మనకు మొదటిది 2011 ఫిబ్రవరిలో ఢిల్లీ హాట్‌లో జరిగింది. జతిన్ వర్మ అనే ఆయన పెట్టాడు. 2013లో హైదరాబాద్ వచ్చింది. ఇప్పుడు ఆ సంస్థ నోడ్విన్ గేమింగ్ చేతిలో ఉంది. 55 కోట్లకు కొన్నారు. ఆ 2013లోనే ఆస్ట్రేలియాలో పాక్స్ అనే అమెరికా గేమింగ్ మేళా మెల్‌బోర్న్‌లో అడుగుపెట్టింది. మా మేనకోడలి అన్న అక్కడే టార్నీట్‌లో ఉంటాడు. ఆ పేటలో తెలుగు వినకుండా పాలప్యాకెట్టు కొనుక్కోవడం కష్టమంటాడు. ఏటా యారా నది ఒడ్డున జరిగే పాక్స్ నుంచి చెల్లెలికి వీడియోలు పంపుతుంటాడు. ఆ దేశంలో సూపనోవా అని ఇంకోటుంది. అది ఒక ఊళ్ళో ఉండదు. సిడ్నీలో సర్దుకుని పెర్త్‌లో విప్పుతారు, అక్కణ్ణుంచి అడిలైడ్, బ్రిస్బేన్, గోల్డ్‌కోస్ట్. మన కామిక్ కాన్ కూడా అలాగే ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, చెన్నై అంటూ డేరా ఎత్తుకుని తిరుగుతుంది. పాతకాలపు నాటక సమాజాలు చేసిన పనే ఇది, ఆదాయ వ్యయాలే వేరు.

ఆ ఏడు టికెట్టు వెయ్యికి అటూ ఇటూ ఉంది. లోపలికి వెళ్ళగానే ఒక కామిక్ పుస్తకం, ఒక పోస్టరు చేతిలో పెడతారు. దాటితే ఆయుధాల తనిఖీ బల్ల. ఆ కుర్రాడి ఆరడుగుల కత్తిని అక్కడ వంచి చూశారు. ఇనుముది కాకూడదు, మొన తగిలితే గుచ్చుకోకూడదు. అది అరటి బోదెలా వంగి మళ్ళీ నిలబడింది. పంపించేశారు.

లోపల నేను ఎక్కువసేపు గడిపింది దుకాణాల్లో కాదు, ఒక గోడ పక్కన. హాలు చివర, ఏసీ గాలి తగిలేచోట, వేషాలు విప్పుకుని మరమ్మతులు చేసుకునేవాళ్ళు కూర్చున్నారు. ఏ నాటకానికైనా తెర వెనకే అసలు సంగతులు తెలుస్తాయి. అక్కడ వరంగల్ నుంచి వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాడొకడు భుజకీర్తి ఊడిపోయి నిలబడి ఉన్నాడు. పక్కన వాళ్ళమ్మ, ఒడిలో సంచి. అందులోంచి సూదీదారం, జిగురు సీసా, మంచినీళ్ళ బాటిలు, టిఫిన్ డబ్బా ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. ఆసుపత్రిలో రోగికి తోడున్నంత శ్రద్ధగా ఉందావిడ.

అతని ఒంటి మీద ఉన్నది ఎవరి కవచమో నాకు చెప్పాడు గానీ గుర్తు లేదు, ఏదో ఆటలో యోధుడు. ఎలా చేశాడో మాత్రం గుర్తుంది. పిల్లలు ఆడుకునేచోట నేలమీద పరిచే మెత్తటి రబ్బరు చాపలుంటాయే, ఆ జాతి సరుకు, ఈవీఏ ఫోమ్ అంటారు. ముందు ఒంటికి ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద టేపు బిగించి, ఆ టేపు మీదే కవచం గీతలు గీసుకుంటారు. దాన్ని కత్తిరించి విప్పితే ఒంటి కొలతతో నమూనా ముక్కలు వస్తాయి, దర్జీ కాగితం కత్తిరింపుల్లాగే. వాటి ప్రకారం ఫోమ్ కోస్తారు. కోసిన అంచులకు చెప్పులవాళ్ళు వాడే పసుపుపచ్చ జిగురు రెండు వైపులా రాసి, తడి ఆరిందాకా ఆగి అప్పుడు అతికించాలి. తొందరపడితే ఊడుతుంది. ఇతని భుజం ఊడింది అందుకే, రాత్రి రెండింటికి ఓపిక చచ్చి తడిమీదే అతికించాడట. తర్వాత హీట్ గన్‌తో వేడిగాలి కొడితే ఫోమ్ మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది, దాని రంధ్రాలు కూడా మూసుకుంటాయి. అలా మూయకుండా రంగేస్తే రంగంతా ఫోమ్ తాగేస్తుంది. ఆపైన ప్రైమర్ పూత, నలుపు, వెండిరంగు. చివరికి ఆరిన బ్రష్షుతో అంచుల మీద ముదురు గోధుమరంగు రుద్దితే ఇనుము తుప్పు పట్టినట్టు, యుద్ధాలు చూసినట్టు కనిపిస్తుంది.

"బయట పెద్దోళ్ళు వోర్బ్లా అనే ఖరీదైన షీట్లు వాడ్తరు సార్. అది మనకు గిట్టుబాటు కాదు" అన్నాడు. శిరస్త్రాణం త్రీడీ ప్రింటర్ మీద చేయించాడట. కాలేజీ ల్యాబులో రాత్రి పెట్టి పోతే మర్నాటికి సగమైంది. గీతలు గీతలుగా వచ్చిన దాన్ని ఉప్పుకాగితంతో రుద్దడానికే రోజులు పట్టింది.

"మీ ఆయనేమంటారమ్మా?" అని అడిగాను తల్లిని. "వాళ్ళ నాన్నకు తెల్వదు సార్. ప్రాజెక్టు అని చెప్పినం" అందావిడ, సూదిలో దారం ఎక్కిస్తూ. కాసేపాగి, "అబద్ధమైతే కాదు గదా, ప్రాజెక్టే" అంది. నిజమే. కొలత, నమూనా, సరుకు ఎంపిక, అతుకు, ఉష్ణం, పూత. ఆ పిల్లాడు కాలేజీ సెమిస్టర్లలో కాగితం మీద చదివిన పని ఇక్కడ ఒళ్ళంతా వేసుకుని నిలబడ్డాడు. కూర్చోలేడు కూడా, మోకాలి పలకలు వంగవు. ఒక మర్యాద ఇక్కడ నాకు నచ్చింది: ఎంత చిన్నపిల్లలైనా ముందు అడిగాకే ఫొటో తీస్తున్నారు. మన పెళ్ళిళ్ళలో డ్రోన్లు నడిపేవాళ్ళను ఇక్కడికి శిక్షణకు పంపవచ్చు.

తర్వాత దుకాణాల వరసల్లో పడ్డాం. జపాను బొమ్మలు, కీచైన్లు, పోస్టర్లు, చెక్క కత్తులు, అమెరికా సూపర్‌హీరోల టోపీలు. తెలుగులో అచ్చయిన కామిక్ పుస్తకం కోసం వెతికాను. తెలుగు దొరికింది గానీ పుస్తకాల మీద కాదు, టీషర్టుల మీద. సినిమా డైలాగులు. 1947 జులైలో చందమామ మొదలుపెట్టిన జాతి మనది. విక్రముడి భుజాన బేతాళుణ్ణి శంకర్ వేస్తే, అట్టల మీద దేవతల్ని వపా వేస్తే వాటిని చూస్తూ మూడు తరాలు చదవడం నేర్చుకున్నాయి. ఆ వరసలో ఇక్కడ ఒక బల్లైనా ఉండాలనిపించింది. మా మేనకోడలితో అంటే, "ఉంటే ఎవరు కొంటారు మామయ్యా? నేనూ కొనను. నాకు బేతాళుడంటే నువ్వు చెప్పిన కథే, నేను ఆదివారం పొద్దున్నే టీవీ ముందు చూసుకున్నవాడు కాదు" అంది. కోపం రావలసిన మాటే. కానీ తన చిన్నతనంలో టీవీ ముందు తను చూసుకున్న తెలుగువాడొకడు ఉన్నాడని ఆ మాట అన్న క్షణానికి తనకే గుర్తొచ్చింది: ఛోటా భీమ్.

ఢోలక్‌పూర్ అనే ఆ ఊరు పుట్టింది ఈ హైదరాబాదులోనే. రాజీవ్ చిలక 2001లో పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌లో తయారై 2008లో పోగో చానల్‌కెక్కాడు భీముడు. పిల్లలు నోరూరిపోయేట్టు లడ్డూలు తిన్నాడు. తర్వాత నెట్‌ఫ్లిక్స్ కోసం 2019లో పాకే వయసు పసివాడయ్యాడు. ఆ బొమ్మ మీద హక్కు గ్రీన్ గోల్డ్ దగ్గరే ఉంది గనుక స్కూలు బ్యాగులూ నీళ్ళ సీసాలూ సొంత దుకాణాల్లో వాళ్ళే అమ్ముకున్నారు. కథ బాగుండటం ఒక ఎత్తు, ఆ కథ ఎవరి కాగితాల మీద ఉందన్నది ఇంకో ఎత్తు. ఈ హాల్లో తిరిగినంతసేపూ నా బుర్రలో తిరిగింది ఆ రెండోదే.

ఎందుకంటే ఈ ఐటీ కారిడార్‌లో బొమ్మలు గీసే చేతులకు కొదవ లేదు. 'లైఫ్ ఆఫ్ పై' చూశారు కదా, పడవలో కుర్రాడితో సముద్రం దాటిన పులి. ఆ పులి వెనకున్న కంపెనీ రిథమ్ అండ్ హ్యూస్‌కు లాస్ ఏంజెలెస్‌తో పాటు ముంబయిలోనూ హైదరాబాదులోనూ స్టూడియోలుండేవి. ఆ పులి పనిలో ఇక్కడి చేతులూ ఉన్నాయి. 2013 ఫిబ్రవరిలో ఆ పనికి ఆస్కార్ వచ్చింది. దానికి ముందు రెండు వారాల లోపే ఆ కంపెనీ దివాలా పత్రాలు దాఖలు చేసింది. బహుమతి పేరు సినిమాకు, లాభం నిర్మాతలకు, అప్పులు పులిని చేసినవాళ్ళకు. ఆ ఏడే హైదరాబాదులో మొదటి కామిక్ కాన్ జరిగిందని ముందు చెప్పాను. ఆ సంతలో పులి బొమ్మ ఎవరైనా అమ్మి ఉంటే అందులో ఒక్క రూపాయి కూడా మాదాపూర్‌కు వచ్చి ఉండదు.

ఆర్టిస్ట్ ఆలీ అని ఒక సందు ఉంది ఇక్కడ, సొంతంగా బొమ్మలు వేసి అమ్ముకునేవాళ్ళది. అక్కడొక అమ్మాయి ఇరానీ చాయ్ కప్పులో ఉస్మానియా బిస్కెట్లు పట్టుకుని ఈతకొట్టే ఆక్టోపస్ బొమ్మల్ని స్టిక్కర్లుగా అమ్ముతోంది. రెండు కొన్నాను. పగలు ఏం చేస్తారంటే, ఒక స్టూడియోలో రోటో అంది. విదేశీ సీరియల్ దృశ్యంలో మనిషి చుట్టూ, జుట్టు చుట్టూ, ఆ మనిషి పట్టుకున్న గొడుగు చుట్టూ ఒక్కో ఫ్రేములో గీత గీసి వెనక దృశ్యం నుంచి వేరుచేయడం. సెకనుకు 24 ఫ్రేములు. గాలికి జుట్టు ఎగిరే దృశ్యం వస్తే ఆ వారం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదట. "ఏ సీరియలమ్మా?" అంటే నవ్వి తల అడ్డంగా ఊపింది. "ఎన్‌డీఏ అంకుల్, రహస్యం బయటపెట్టనని సంతకం పెట్టా. రిలీజయ్యేదాకా చెప్పకూడదు. రిలీజయ్యాక చెప్పినా ఎవరూ నమ్మరు." రోటో, పెయింట్, మ్యాచ్‌మూవ్: కంటికి కనిపించకుండా ఉంటేనే బాగా చేసినట్టు లెక్కయ్యే ఈ పనులే మనకు ఎక్కువగా వస్తాయి. తన చేతిపని అని నలుగురికీ చూపించుకునేది ఈ ఆక్టోపస్ ఒక్కదాన్నే. అది బాగా అమ్ముడుపోతోంది కూడా.

ఇదంతా ఏడుపుగా రాస్తున్నాననుకోకండి. గాలి ఇటునుంచి అటు కూడా వీచింది. రాజమౌళి 'ఈగ'కు ప్రాణం పోసిన మకుట సంస్థకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆ ఈగ 2012లో ప్రేక్షకుల చేత కన్నీళ్ళు పెట్టించింది, ఒక్క మాటా మాట్లాడకుండా. 2017 డిసెంబరులో 'బాహుబలి' రెండో భాగం జపానులో విడుదలయ్యాక అక్కడివాళ్ళు మన దేవసేనలా, కట్టప్పలా వేషాలు వేసుకుని థియేటర్లలో కేకలు పెట్టే ప్రదర్శనలు జరిగాయి. 2024 జనవరిలో అంతా ఆడవాళ్ళే నటించే తకరజుకా నాటక సంస్థ 'ఆర్ఆర్ఆర్'ను రంగస్థలం మీద ఆడింది. 2023 జులైలో నాగ్ అశ్విన్, ప్రభాస్, కమల్‌హాసన్ శాన్ డియాగో కామిక్ కాన్‌కు వెళ్ళి 'కల్కి 2898 ఏడీ' పేరు అక్కడే ప్రకటించారు. సినిమాకు ముందుమాటగా వచ్చిన 'బుజ్జి అండ్ భైరవ' యానిమేషన్ చేసింది మళ్ళీ ఆ గ్రీన్ గోల్డే. మరి హైటెక్స్‌లో ఎంతమంది భైరవులు కనిపించారంటే, ఒకడు. అతని వెంట ఫొటోల కోసం జనం పడ్డారు. నరుటోలు మాత్రం అడుగడుక్కీ తగిలారు. జపాను బొమ్మల సీరియల్ హీరో నరుటో ఏళ్ళ తరబడి వారంవారం ఇళ్ళలోకి వచ్చినవాడు, ఇప్పుడు తెలుగులో కూడా మాట్లాడుతున్నాడు. మూడు గంటల సినిమా హీరో ఆ చనువును ఒక్క వేసవిలో సంపాదించలేడు. వేషం వేసుకోవాలంటే అభిమానం చాలదు, ఆ మనిషితో కలిసి పెరగాలి.

డ్రీమ్‌హ్యాక్ హాల్లో నేను పావుగంట కంటే ఎక్కువ నిలవలేకపోయాను. చెవులు. స్వీడన్‌లో మాలుంగ్ అనే చిన్న ఊళ్ళో, బడి భోజనశాలలో కుర్రాళ్ళు కంప్యూటర్లు మోసుకొచ్చి కలిపి ఆడుకోవడంతో 1994లో మొదలైందిది. ఇక్కడ బీజీఎంఐ ఆటగాళ్ళు అద్దాల గదుల్లో కూర్చుంటే బయట వేలమంది తెరల మీద చూస్తూ కేకలు పెడుతున్నారు. ఈ ఆటకు మన దేశంలో ప్రాణం పోవడం రావడం అలవాటే. పబ్‌జీగా ఉండగా 2020 సెప్టెంబరులో నిషేధించారు, 2021లో పేరు మార్చుకుని వచ్చింది, 2022లో మళ్ళీ మాయమైంది, 2023లో తిరిగొచ్చింది. ఒక తండ్రి నా పక్కన నిలబడి, "ఇందులో డబ్బులు పెట్టాలా?" అని కొడుకును గుచ్చిగుచ్చి అడుగుతున్నాడు. ఆయన భయం ఊరికే రాలేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో నిషేధించేదాకా, ఆంధ్ర 2020లో నిషేధించేదాకా, ఎన్ని ఇళ్ళు గుల్లయ్యాయో పేపర్లు చదివేవాళ్ళకు తెలుసు. మన తల్లిదండ్రులకు గేమింగ్ అన్న మాట రమ్మీ వాసనతోనే వినబడుతుంది. కొడుకు ఓపిగ్గా వివరిస్తున్నాడు. ఆయన ఇంకా నమ్మలేదు.

సాయంత్రం వేషాల పోటీ చూస్తుంటే మా మేనకోడలు మొదట అన్న మాటను నేనే తిప్పి అడిగాను: ఇది నిజంగా జాతరేనా? తిరుపతి గంగమ్మ జాతరలో వేషాలు వేస్తారు. అయితే అక్కడ వేషం మన ఇష్టం కాదు. బైరాగి వేషం ఒకరోజు, బండ వేషం ఒకరోజు, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఇలా ఏ రోజుకు ఏదో ఆచారం చెబుతుంది. మొక్కుకున్నవాడు వేస్తాడు. మగవాడు చీర కడితే ఎవరూ నవ్వరు, దారిలో దణ్ణం పెడతారు. వేషం విప్పాక వాడెవడో ఎవరికీ పట్టదు. హైటెక్స్‌లో అన్నీ తారుమారు. ఎవరి వేషం వాళ్ళ ఎంపిక, వాళ్ళ జీతం, వాళ్ళ రాత్రుళ్ళు, కింద వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్ పేరు. పులివేషానికీ స్పైడర్‌మ్యాన్‌కీ చుట్టరికం కలపడం తేలిక, అందరూ కలుపుతారు. నాకది నప్పలేదు. దీనికి చుట్టం జాతర కాదు, నాటకం. టికెట్టు కొనుక్కుని వచ్చిన జనం ముందు, సొంత చేతుల్తో చేసుకున్న సామానుతో, లేని లోకాన్ని ఉందనిపించే పని.

ఆ నాటకం ఎంత దూరంలో ఉందో తెలుసా? మర్నాడు ఉదయం మేమిద్దరం హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో రైలెక్కాం. హఫీజ్‌పేట, చందానగర్, ఆ తర్వాత లింగంపల్లి. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. ఆ అద్దాల మేడలకు అంత దగ్గర్లో ఆ పేరుతో ఒక కాలనీ ఉందని మా మేనకోడలికి తెలియదు. తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు పాపం.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా 'కీచక వధ' ఆడారు. వనారస గోవిందరావు కుటుంబం. అంతకు ముందు వాళ్ళది తోలుబొమ్మలాట. ఆ ఒక్క నాటకం నుంచి సమాజాలు పుట్టాయి, కుటుంబమే కంపెనీ అయింది, పెళ్ళిళ్ళు కూడా కంపెనీల మధ్యే. బండ్ల మీద డేరాలూ తెరలూ వేసుకుని ఊరూరూ తిరిగారు. ఆడవేషాలు మగవాళ్ళే వేసే కాలంలో వీళ్ళ ఆడవాళ్ళు రంగం మీదికొచ్చారు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసిన కమలాబాయి సురభి బిడ్డే. ఈ హైదరాబాదు సమాజాన్ని దశాబ్దాలు నడిపిన నాగేశ్వరరావు, అందరూ బాబ్జీ అనేవారు, 2013లో పద్మశ్రీ అందుకున్నారు. చూశారా, మళ్ళీ అదే సంవత్సరం.

ఒకింటి ముందు పెద్దాయనొకరు అరుగు మీద కూర్చుని ఉన్నారు. సంగతి చెబితే లోపలికి రమ్మన్నారు. మా మేనకోడలు ఫోనులో ముందురోజు ఫొటోలు ఒక్కొక్కటే చూపించింది. ఆయన ముఖాలు చూడలేదు, అతుకులు చూశారు. "ఈ భుజం ఎట్లా నిలబెట్టాడమ్మా? లోపల తీగ ఉందా?" ఫోమ్ అని చెప్పింది. బరువెంత, చెమట తాగుతుందా, ఎన్ని ఆటలు వస్తుంది, వానలో తడిస్తే రంగు ఊడుతుందా, అన్నీ అడిగారు. ఆయన వేసిన ఘటోత్కచుడి కిరీటం, భుజకీర్తులు, గద మోస్తూ రెండున్నర గంటలు పద్యం పాడాలి, మెడ పట్టేసేది. 'మాయాబజార్'లో లడ్డూలు ఎగిరి నోట్లో పడే దృశ్యానికి సన్నటి తీగలు, పైన కప్పీలు, రెక్కల పక్కన చీకట్లో నిలబడి లాగేవాళ్ళు. పాట ఎక్కడ ఆగుతుందో అక్కడే లడ్డూ లేవాలి. క్షణం ముందు లేచినా జనం నవ్వుతారు. బాణాలు ఢీకొని నిప్పులు రాలాలి, రంగం మీద వాన కురవాలి. "మీరు చెప్పే ఆ కంప్యూటరు పని మేం తాళ్ళతో చేశామండీ" అన్నారు. గొప్పగా అనలేదు. కొలత చెప్పినట్టు అన్నారు.

నా బుర్రలోని ప్రశ్న ఆయన ముందు పెట్టాను. ఇన్నేళ్ళు ఇన్ని మాయలు చేశారు, ఒక్కదాని మీదైనా మీకు హక్కుందా? ఆయనకు ప్రశ్న అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "భారతం మీద హక్కేంటండీ, అది అందరిదీ" అన్నారు మొదట. తర్వాత, "తీగ కట్టే పద్ధతి మాత్రం బయటివాళ్ళకు చెప్పేవాళ్ళం కాదు. పిల్లనిస్తేనే చెప్పేది" అని పెద్దగా నవ్వారు. అంటే వీళ్ళకూ ఎన్‌డీఏ ఉండేది. సంతకం బదులు మూడుముళ్ళు. అయితే ఆ రహస్యం లాభం వాళ్ళ ఇంట్లోనే తిరిగింది, పోటీ కంపెనీకి పోలేదు. రోటో అమ్మాయి రహస్యం కాపాడేది ఇంకెవరి ఆస్తినో.

పద్ధతి ఇప్పుడు ఎవరికి చెబుతారని అడిగితే, పిల్లలు ఉద్యోగాల్లో ఉన్నారన్నారు. ఎక్కడంటే, ఎక్కడేమిటండీ, ఇక్కడే, హైటెక్ సిటీ వైపు.

మా మేనకోడలు వరంగల్ కుర్రాడి ఇన్‌స్టాగ్రామ్ తెరిచి, అతను వీడియోలో చూపించిన హీట్ గన్ పని ఆయనకు చూపిస్తోంది. ఫోమ్ గిన్నెలా వంగుతుంటే ఆయన కళ్ళజోడు సరిచేసుకుని ఇంకోసారి పెట్టమన్నారు. షీటు ధర అడిగారు. చెప్పింది. లెక్క వేసుకుని, కృష్ణుడికీ శశిరేఖకూ అక్కర్లేదు, ఘటోత్కచుడికీ అతని బంట్లకూ ఎన్ని షీట్లు పడతాయో కనుక్కోమన్నారు. మా మేనకోడలు అక్కడే కూర్చుని ఆ కుర్రాడికి మెసేజ్ పెట్టింది. జవాబు వెంటనే వచ్చింది: తల చుట్టుకొలత పంపమని. టేపు కోసం ఆయన లోపలికి కేకేశారు.